బెజ్జం దొరవారికి బహిరంగ లేఖ

విజయవాడ

మా కారు ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి వడ్డించే మహారాజశ్రీ కార్బరేటర్ గారికి,

ఉభయకుశలోపరి అని రాయడం మర్యాదే గానీ, మొన్న మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర మీరు చేసిన నిర్వాకం తర్వాత ఆ మాట కలంలోంచి రావడం లేదు. సిగ్నల్ పచ్చబడింది. వెనక సిటీ బస్సు, పక్కన అరటిగెలల ఆటో. మా 1996 నాటి మారుతి 800 రెండుసార్లు దగ్గి కళ్లు తేలేసింది. నేను ఆక్సిలరేటర్‌ను టపటపా పదిహేనుసార్లు తొక్కి తాళం తిప్పాను. పెట్రోలు వాసన గుప్పుమంది తప్ప ఇంజను మేలుకోలేదు. మే నెల ఎండలో, మూడు దిక్కుల హారన్ల మధ్య, నేను మిమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆటోనగర్ మెకానిక్ పాత పేపరు పరిచి మిమ్మల్ని విప్పినప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. ఇన్నేళ్లు నన్ను ఏడిపించిన మహానుభావుడి బుర్రలో ఏముందో చూడాలని. తీరా చూస్తే బుర్రే లేదు! మా ఇంటి ఫ్లష్ ట్యాంకులో ఉన్నట్టే ఒక ఫ్లోట్. పెట్రోలు నిండితే లేచి సూదితో దారి మూస్తుంది, తగ్గితే దిగి తెరుస్తుంది. గాలికి రెండు రేకు తలుపులు. చివరికి ఒక ఇత్తడి ముక్క. మెకానిక్ దాన్ని ఆకాశం వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, నాకూ చూపించాడు. నడుమ ఆవగింజకన్నా చిన్న బెజ్జం, అందులో ఇంకా చిన్న వెలుగు చుక్క.

"ఇదే జెట్ సార్. కాస్త నలక పట్టింది."

నేను వెంటనే చొక్కా కాలరులోని గుండుసూది తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "గెలికితే బెజ్జం పెద్దదవుతుందండీ. తర్వాత మీరు పెట్రోలు బంకే కొనుక్కోవాలి." నోటితో ఒక్క ఊదు ఊదాడు. అంతే వైద్యం.

కృష్ణమ్మకు దారివ్వడానికి కొండకు బెజ్జం వేస్తే బెజ్జంవాడ అయిందని, అదే బెజవాడ అని మా ఊళ్లో చెప్పుకుంటారు. కాబట్టి తమరూ మా ఊరివారే. తమ గొంతు కూడా నడుమ ఇరుకు. ఇంజను పీల్చే గాలి ఆ ఇరుకులో పరుగందుకుంటుంది. పరుగెత్తిన చోట పీడనం పడిపోతుంది. ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు మీద మాత్రం బయటి గాలి బరువు ఎప్పటిలాగే ఉంటుంది. ఆ బరువే పెట్రోలును బెజ్జంలోంచి నెట్టి తుంపర చేస్తుంది. అంటే తమరు చేసేదేమీ లేదు, ఇరుగ్గా ఉండటం తప్ప. ఈ మాత్రానికా సార్ అంత బెట్టు?

వడ్డన లెక్క విన్నాక మాత్రం నోట మాట రాలేదు. కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి. లీటర్లలో చెప్పాలంటే, ఒక లీటరు పెట్రోలుకు 9,000 లీటర్ల పైచిలుకు గాలి. నేను పెట్రోలు ధర చూసి బెంగపెట్టుకుంటుంటే, తమరు నడిపేది అచ్చంగా గాలి వ్యాపారం! ఆ గాలి వచ్చే ఫిల్టర్‌ను నేను ఎన్నడూ మార్చలేదనీ, అది మట్టి మెత్తిన గోనెసంచిలా ఉందనీ మెకానిక్ నలుగురి ముందూ బయటపెట్టాడు. ఈ విషయం మన మధ్యే ఉంచుదాం.

ఆ పదిహేను తొక్కుళ్ల సంగతి కూడా. పెడల్ తెరిచేది గాలి తలుపునట. కానీ తొక్కిన ప్రతిసారీ లోపలి చిన్న పంపు ఒక గుక్క పెట్రోలు చిమ్ముతుందట. అప్పటికే ఇంజను వేడికి గిన్నెలో పెట్రోలు మరిగి పొంగుతోంది. నేను మరో పదిహేను గుక్కలు పోసి, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులను ముంచేశాను. పెడల్‌ను నెమ్మదిగా చివరిదాకా నొక్కి, అలాగే పట్టి ఉంచి తాళం తిప్పితే గాలి ఎక్కువగా వెళ్లి తడి ఆరుతుందట. అంటే ఆ రోజు నేను చేయాల్సింది, కాలు కదపకుండా ఉండటం. ఆడలేక మద్దెల ఓడన్నానని మీరు నవ్వుకుంటున్నారేమో, నవ్వండి.

అయితే మీ తప్పు అసలే లేదని ఒప్పుకోను. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. కొత్త కార్లు పొగను వాసన చూసి వడ్డన సర్దుకుంటాయి. తమరికి ముక్కూ లేదు, చదువూ లేదు. 1996లో పెట్టిన కొలతే నేటికీ. మా తాతగారు కూడా ఇంతే, కిలోగ్రాములు వచ్చాక కూడా వీశెల్లోనే బేరమాడేవారు.

మా అబ్బాయి కారు అమ్మేయమంటున్నాడు. రేపు ఉదయం చల్లగా ఉండగానే మంగళగిరి వెళ్లొద్దామనుకుంటున్నాను. కొత్త ఫిల్టర్ వేయించాను. గుండుసూది ఇంట్లో పెట్టి వస్తాను.

ఇట్లు,
చల్లటి ఇంజనుకు గాలి తగ్గించే చోక్ లాగి, మళ్లీ తోయడం మరిచి, బందరు రోడ్డంతా నల్లపొగ పరిచిన
మీ విధేయుడు