సవరణ: అమెలోబ్లాస్టోమాను గోకి తీస్తే సరిపోదు

అమెలోబ్లాస్టోమా అంటే దవడ ఎముకలో పెరిగే ఒక గడ్డ. దవడ గడ్డల గురించి ఇంతకుముందు రాసినదాంట్లో "అమెలోబ్లాస్టోమా క్యాన్సర్ కాదు కాబట్టి గోకి తీసేసి, ఐదేళ్లు గమనిస్తే చాలు" అని ఉంది. క్యాన్సర్ కాదన్నది నిజమే కానీ, గోకి తీస్తే చాలనడం, ఐదేళ్లు చాలనడం రెండూ తప్పే.

మామూలు రకం అమెలోబ్లాస్టోమా ఎక్స్‌రేలో గీత గీసినట్టు కనిపించినా, ఆ హద్దు దాటి స్పాంజిలాంటి లోపలి ఎముక సందుల్లోకి దాని కణాలు కొన్ని మిల్లీమీటర్ల దాకా పాకి ఉంటాయి. గోకే పరికరం (క్యూరెట్) అక్కడికి అందదు. అందుకే కనిపించే హద్దుకు అవతల 1 నుంచి 2 సెం.మీ. మంచి ఎముకతో కలిపి కోసి తీస్తారు. గడ్డ ఎముకను చీల్చుకుని బయటికొచ్చిన చోట ఎముకను కప్పి ఉండే పెరియాస్టియం పొరనూ, దానికి అంటుకున్న చిగుళ్ల పొరనూ వదలకూడదు. మిగిలితే అక్కడి నుంచే మళ్లీ పెరుగుతుంది. తీసిన ముక్కకు ఆపరేషన్ థియేటర్లోనే ఎక్స్‌రే తీసి చూస్తే ఎముక అంచు చాలిందో లేదో తెలుస్తుంది, కుట్లు వేయకముందే.

ఒకే తిత్తిలా ఉండే యూనిసిస్టిక్ రకాన్ని మాత్రం ఒలిచి తీయొచ్చు, అదీ కణితి తిత్తి గోడలోకి దిగకపోతేనే. చిన్న బయాప్సీ ముక్కతో ఈ సంగతి తేలదు. తిత్తి మొత్తాన్నీ పరీక్షించాలి.

ఇక గడువు. పదేళ్లు దాటాక తిరగబెట్టిన కేసులూ ఉన్నాయి. ఐదేళ్లకే ఎక్స్‌రేలు ఆపేయమన్న మాటను కొట్టేసుకోండి.