పికప్ ట్రక్కుల పోలికలో అసలు అంకె తలుపు పక్కనే ఉంది

అమెరికాలో మధ్యశ్రేణి పికప్ ట్రక్కు కొనాలనుకునేవారి ముందు ఇప్పుడు ప్రధానంగా ఏడు పేర్లున్నాయి: టొయోటా టకోమా, ఫోర్డ్ రేంజర్, షెవ్రొలే కొలరాడో, దానికి తోబుట్టువులాంటి జీఎంసీ కాన్యన్, నిస్సాన్ ఫ్రాంటియర్, హోండా రిడ్జ్‌లైన్, జీప్ గ్లాడియేటర్. వీటిని పోల్చే పట్టికలు దాదాపు అన్నీ ఒకే వరుసలో సాగుతాయి. మొదట హార్స్‌పవర్, తర్వాత టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), ఆ తర్వాత గరిష్ఠంగా ఎంత బరువున్న ట్రైలర్‌ను లాగగలదన్న అంకె. కొలరాడో 7,700 పౌండ్లు, రేంజర్ 7,500, టకోమా 6,500, రిడ్జ్‌లైన్ 5,000 అని చదవగానే ఎవరు ముందున్నారో, ఎవరు వెనకబడ్డారో తేలిపోయినట్టే అనిపిస్తుంది. కుటుంబ అవసరాల కోసం ట్రక్కు కొనేవారిని ఎక్కువగా తప్పుదోవ పట్టించేది ఈ చివరి అంకేనని నా అభిప్రాయం.

అంకె అబద్ధమని కాదు. ట్రైలర్ లాగే సామర్థ్యాన్ని కొలవడానికి వాహన ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ రూపొందించిన జె2807 అనే ప్రమాణం ఉంది. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి పొడవైన ఎత్తుదారిని ఎండలో, ఏసీ వేసుకుని, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కడం అందులో ఒక పరీక్ష. కాకపోతే ఆ లెక్కలో బండిలో ఉండేది డ్రైవరు, పక్క సీటులో ఇంకొకరు మాత్రమే. ఒక్కొక్కరి బరువు 150 పౌండ్లు. వెనక సీట్లో పిల్లలు ఉండరు, బెడ్‌లో, అంటే వెనక తొట్టిలో, సామాను ఉండదు. పైగా ప్రకటనలో కనిపించే గరిష్ఠ అంకె ఆ మోడల్ మొత్తానికి వర్తించదు. ఫలానా క్యాబ్, ఫలానా ఇంజిన్, ఫలానా టోయింగ్ (ట్రైలర్ లాగే) ప్యాకేజీ కలిసిన ఒక ప్రత్యేక కూర్పుకే అది చెల్లుతుంది.

నిజంగా చూడాల్సిన అంకె డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద, టైర్ల గాలి వివరాలున్న స్టిక్కరుపై ఉంటుంది. ప్రయాణికులు, సామాను కలిపి మొత్తం బరువు ఇంతకు మించకూడదని పౌండ్లలోనూ కిలోల్లోనూ రాసి ఉంటుంది. అదే పేలోడ్. అది ఆ ఒక్క ట్రక్కుకు, దానికి ఫ్యాక్టరీలో బిగించిన అదనపు హంగులన్నీ లెక్కలోకి తీసుకుని ఇచ్చిన అంకె. ట్రైలర్ బరువు చక్రాల మీదే ఉంటుంది కదా, దానికీ పేలోడ్‌కూ సంబంధమేమిటని చాలామంది అనుకుంటారు. మామూలు ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనక ట్రైలర్‌ను తగిలించే బంతి మీద పడుతుంది, పడాలి కూడా. అంతకంటే తగ్గితే హైవే వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఆ బరువంతా పేలోడ్ ఖాతాలోకే వస్తుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. స్టిక్కరు మీద 1,200 పౌండ్లు ఉన్న ట్రక్కుకు 5,000 పౌండ్ల క్యాంపింగ్ ట్రైలర్ తగిలించారనుకుందాం. అందులో 12 శాతం, అంటే 600 పౌండ్లు, వెనక బంతి మీద పడతాయి. నలుగురు మనుషులు మరో 600. అక్కడికే పరిమితి నిండిపోయింది. బెడ్‌లో ఒక కూలర్, రెండు సైకిళ్లు, టోయింగ్ కొక్కెం సామగ్రి చేరితే దాటిపోయింది. ఆ ట్రక్కు టోయింగ్ సామర్థ్యం 6,500 అని ప్రకటన చెబుతోంది, ట్రైలరేమో దానికంటే 1,500 పౌండ్లు తక్కువే. కాగితం మీద అంతా సవ్యంగా కనిపిస్తూనే వెనక ఇరుసు, టైర్లు, బ్రేకులు మోయకూడని బరువు మోస్తున్నాయి. నిండు కుటుంబంతో దిగుడు దారిలో వెళ్లే బండి విషయంలో దీన్ని చిన్న సంగతిగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇంకో విచిత్రం, ధర పెరిగేకొద్దీ చాలాసార్లు మోసే శక్తి తగ్గుతుంది. ఆఫ్‌రోడ్ కోసం తీర్చిన రకాల్లో మెత్తని సస్పెన్షన్, పెద్ద టైర్లు, అడుగున ఉక్కు పలకలు ఉంటాయి. వాటి బరువూ వాటి మెత్తదనమూ పేలోడ్‌నూ టోయింగ్‌నూ తినేస్తాయి. 405 హార్స్‌పవర్ ఉన్న రేంజర్ రాప్టర్ లాగగలిగేది 5,510 పౌండ్లే. కొలరాడో జెడ్ఆర్2కు 6,000. టకోమా హైబ్రిడ్ టార్క్ 465 పౌండ్-ఫీట్. అయినా టకోమాల్లో ఎక్కువ బరువు లాగేది హైబ్రిడ్ కాదు. రాళ్లూ ఇసుకా ఉన్న దారుల్లో తిరగాలనే కోరిక ఉన్నవారికి ఇవి గొప్ప బండ్లే. ట్రైలరే ప్రధానమైనవారు మాత్రం కింది స్థాయి రకాలను ముందు చూడడం మంచిది.

ఈ కోణంలో చూస్తే రిడ్జ్‌లైన్‌కు దక్కాల్సిన గౌరవం దక్కడం లేదనిపిస్తుంది. విడి ఛాసిస్ లేకుండా కారులా ఒకే నిర్మాణంగా తయారవుతుంది కాబట్టి అది ట్రక్కే కాదని కొట్టిపారేసేవారు చాలామంది. కానీ దాని పేలోడ్ 1,500 పౌండ్ల ప్రాంతంలో ఉంటుంది. పైన చెప్పిన ఖరీదైన ఆఫ్‌రోడ్ రకాల్లో కొన్నింటికి అంత లేదు. బెడ్ అడుగున తాళం వేసుకునే డిక్కీ ఉంది. చక్రాల గూళ్ల మధ్య నాలుగు అడుగుల వెడల్పు ప్లైవుడ్ పలక చదునుగా పడుతుంది. 2024 నుంచి రేంజర్‌లోనూ పడుతుంది, మిగతావాటిలో పడదు. లో రేంజ్ గేర్లు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో కదలడానికి వాడేవి) లేకపోవడం, 5,000 పౌండ్ల పరిమితి దాని అసలైన లోపాలు. పెద్ద పడవ లాగాల్సినవారు దాన్ని పక్కన పెట్టాల్సిందే.

ఇంజిన్ల విషయంలో కొత్త టకోమా, కొలరాడో, రేంజర్ టర్బోల (గాలిని ఒత్తిడితో లోపలికి పంపే ఇంజిన్ల) వైపు వెళ్లగా, ఫ్రాంటియర్ 3.8 లీటర్ల వీ6ను, రిడ్జ్‌లైన్, గ్లాడియేటర్ తమ వీ6లను టర్బో లేకుండానే ఉంచాయి. టర్బోలు తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే ఎక్కువ టార్క్ ఇస్తాయి, బరువు లాగేవారికి అది ఉపయోగం. పదేళ్లకు పైగా ఒకే బండి ఉంచుకునేవారు భాగాలు తక్కువున్న ఇంజిన్‌ను కోరుకోవడంలోనూ అర్థముంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో పార్ట్‌టైమ్ రకాన్ని (అవసరమైనప్పుడు డ్రైవరే నాలుగు చక్రాలకూ శక్తి కలిపేదాన్ని) పొడి తారురోడ్డు మీద వాడకూడదు; వానల్లో, మంచులో మారుతూ ఉండే రోడ్లమీద తిరిగేవారు ఆటోమేటిక్ మోడ్ ఉందో లేదో అడగాలి.

ఆర్డరిచ్చి తయారు చేయించుకునేవారికి స్టిక్కరు ముందుగా కనిపించదు. అలాంటప్పుడు అదే కూర్పుతో డీలరు దగ్గరున్న మరో ట్రక్కు తలుపు తెరిచి చూసి, ఆ అంకెను ఫొటో తీసుకోవాలి. కొన్న తర్వాత బిగించే ఉక్కు బంపర్లు, బెడ్ మూతలు, పక్క మెట్లు స్టిక్కరు లెక్కలో ఉండవు. వాటి బరువును కొనేవారే అందులోంచి తీసేసుకోవాలి.