డాల్ఫిన్‌ను మన దేశం 'వ్యక్తి'గా ప్రకటించిందా?

"భారత ప్రభుత్వం 2013లో డాల్ఫిన్లను మనుషులు కాని వ్యక్తులుగా ప్రకటించింది. అవి అద్దంలో తమను తాము గుర్తుపట్టేంత తెలివైనవి. ఇక వాటిని చంపితే హత్యే. ఇలా చేసిన తొలి దేశం మనదే." ఎగిరే డాల్ఫిన్ బొమ్మ తగిలించుకుని ఈ పోస్టు పదేళ్లు దాటినా ఇంకా తిరుగుతూనే ఉంది. పంచుకునేవారి ప్రేమను శంకించను. జంతువులకు చట్టంలో వ్యక్తి హోదా ఉండాలని కోరేవారిలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ పోస్టు చూస్తే నాకు చిరాకు. రానిది వచ్చేసిందని చెబితే ఇక అడిగేది ఎవరు?

ప్రకటన అంటున్నది నిజానికి ఒక సర్క్యులర్. కొచ్చి వంటి చోట్ల డాల్ఫిన్ల ఆటలు చూపే కేంద్రాలు కడతామన్న ప్రతిపాదనలు వచ్చినప్పుడు, అనుమతులు ఇవ్వవద్దంటూ, జూలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ జూ అథారిటీ 2013 మే 17న రాష్ట్రాలకు పంపింది. కారణాలు వివరిస్తూ, డాల్ఫిన్ల తెలివితేటల దృష్ట్యా వాటిని మనుషులు కాని వ్యక్తులుగా చూడాలని పలువురు శాస్త్రవేత్తలు సూచించారని ఒకచోట రాసింది. అంతే. చేతులు మారేసరికి 'సూచించారు' కాస్తా 'ప్రకటించింది' అయి కూర్చుంది.

సర్క్యులర్‌తో చట్టం దృష్టిలో వ్యక్తి పుట్టడు కూడా. గుడిలో విగ్రహం చట్టరీత్యా వ్యక్తి. దాని పేరున భూమి ఉంటుంది, దాని తరఫున దావా వేయవచ్చు. 1925లో, బ్రిటిష్ పాలనలో మనకు అత్యున్నత అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఒక విగ్రహం తరఫున ఎవరు వాదించాలనే దాకా వెళ్లి విచారించింది. కంపెనీకీ ఆ హోదా ఉంది. డాల్ఫిన్ పేరున కోర్టు మెట్లెక్కే దారి ఈ సర్క్యులర్‌లో ఎక్కడా లేదు. నిజంగా అలాంటి మాట అన్నది ఉత్తరాఖండ్ హైకోర్టు. పక్షులు, జలచరాలతో సహా జంతువులన్నిటికీ చట్టపరమైన అస్తిత్వం ఉందని 2018 జులైలో తీర్పు చెప్పింది. దాన్ని పంచుకునేవారు నాకు కనబడలేదు. 2023లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, జంతువులకు ప్రాథమిక హక్కులను గుర్తించిన పూర్వ తీర్పేదీ లేదంది. ఈ తీర్పును పంచుకునేవారి మాట ఇక చెప్పనే అక్కర్లేదు.

తొలి దేశమా? డాల్ఫిన్ ప్రదర్శనల నిషేధం లెక్కన చూసినా కోస్టారికా, చిలీ మనకంటే ముందున్నాయి.

ఇక అద్దం. న్యూయార్క్ అక్వేరియంలో రెండు సముద్ర డాల్ఫిన్ల ఒంటి మీద గుర్తులు పెడితే, అవి అద్దం ముందుకు వెళ్లి ఆ గుర్తున్న చోటును తిప్పి తిప్పి చూసుకున్నాయి. 2001లో వెలువడిన ఆ పరిశోధన నిజమే. మన గంగా డాల్ఫిన్ మాటేమిటి? దాని కంటిలో కటకమే లేదు. వెలుగు, చీకటి తేడా తెలిస్తే గొప్ప. బురదనీటిలో ఒక పక్కకు ఒరిగి ఈదుతూ, తాను వదిలిన శబ్దపు ప్రతిధ్వనితోనే చేపను పసిగడుతుంది. ఊపిరి వదిలే చప్పుడును బట్టి దాన్ని 'సూసు' అంటారు. అద్దాన్నే కొలబద్దగా పెట్టుకుంటే మన జాతీయ జలచరం పరీక్ష గది గడప కూడా తొక్కలేదు. వ్యక్తి హోదాకు తెలివిని ప్రాతిపదిక చేస్తే వచ్చే చిక్కే ఇది. నొప్పి తెలియడం చాలదా?

మిగిలింది హత్య. మన శిక్షాస్మృతిలో 'మరణం' అంటే, సందర్భం వేరుగా సూచిస్తే తప్ప, మనిషి మరణమే. 2020 డిసెంబరు 31న ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్ జిల్లాలో, కాలువలోకి వచ్చిన ఒక గంగా డాల్ఫిన్‌ను కొందరు కర్రలతో, గొడ్డలితో కొట్టి చంపారు. వీడియో బయటికొచ్చాక ముగ్గురిని అరెస్టు చేశారు. ఆ కేసు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పెట్టారు. అది 1972 నాటి చట్టం.