కాలువ గట్టున ఊరివారే దారి చూపాలి

నెల్లూరు జిల్లాలో బకింగ్‌హామ్ కాలువ పక్కనున్న ఇస్కపల్లి, మైపాడు వంటి పల్లెల్లో ఏదో ఒకదానిని ఎంచుకొని వారసత్వ నడకలను ప్రారంభించాలని, సందర్శకులకు దారి చూపే పనిని ఆ ఊరివారికే అప్పగించాలని మేము కోరుతున్నాము. శీతకాలంలో పులికాట్, నేలపట్టు పక్షులను చూడటానికి ఎందరో ఈ తీరానికి వస్తున్నారు. వారిలో కాలువ గట్టున ఆగేవారు అరుదు.

అక్కడ చూడటానికి ఏముందన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. పంతొమ్మిదో శతాబ్ది తొలి సంవత్సరాల్లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన చిన్న కాలువ క్రమంగా ఉత్తరానికి సాగి, కృష్ణపట్నం దాటి పెదగంజాం చేరింది. 1876-78 నాటి ధాత కరువులో కూలికి వచ్చిన అన్నార్తుల చేత మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే భాగాన్ని తవ్వించారు. అప్పటి గవర్నరు పేరు కాలువకు స్థిరపడింది కాని, తవ్విన వారి పేర్లు ఎక్కడా లేవు. ఉప్పు, సరుగుడు కట్టెలు, ధాన్యం ఈ దారినే మద్రాసుకు వెళ్లేవి. గాలి అనుకూలిస్తే తెరచాపతో, లేకుంటే గడలతో పడవను నడిపేవారు. రెండూ సాగనప్పుడు మనుషులే మోకును భుజాన వేసుకొని గట్టు వెంట నడుస్తూ లాగేవారు. ఇప్పుడు సందర్శకులు నడవవలసింది ఆ గట్టు మీదనే.

పోటు నీరు కాలువలోకి ఎలా వస్తుందో, నది అడ్డు వచ్చిన చోట లాకు రెండు తలుపుల నడుమ నీటిని నింపి పడవను ఎలా పైకి లేపేవారో బోర్డు మీద చదివితే బోధపడదు. పడవ నడిపిన కుటుంబాల పెద్దలు లాకు పక్కన నిలబడి చెప్పాలి. ఆ తరం ఎంతోకాలం ఉండదు గనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు. అలాగే ఉప్పు కొఠారులో, ఎండకు చిక్కబడిన నీటి అడుగున పేరుకున్న ఉప్పును కర్రపలకతో గట్టుకు లాగే మహిళే ఆ పనిని వివరించాలి, అందుకు తగిన ప్రతిఫలం ఆమెకు నేరుగా అందాలి. 2004 సునామీలో కెరటాల ఉధృతిని ఈ కాలువ కొంత తనలోకి తీసుకొని వెనుకనున్న ఊళ్లను కాచిన వైనాన్ని కూడా అక్కడివారి నోటనే వినాలి.

అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1997లో మొదలుపెట్టిన వారసత్వ నడక నేటికీ కొనసాగుతోంది. పల్లెకు అంత ఏర్పాటు అవసరం లేదు: ఉదయపు వేళ, ఒక్కో జట్టులో కొద్దిమంది, గట్టు మీద నీడ, మహిళలకు మరుగుదొడ్డి, తాగునీరు ఉంటే చాలు. లాకులకు సిమెంటు పూసి రంగులు వేసే ఉత్సాహాన్ని మాత్రం అధికారులు అణచుకోవాలి. రాయిని రాయిగానే ఉంచాలి. రొయ్యల గుంటల వ్యర్థ జలాలు కాలువలో కలుస్తున్న చోట ముందు వాటిని ఆపకుండా అతిథులను పిలవడం తగదు.

2008లో ఈ కాలువను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ఆ ప్రణాళికలు నెరవేరే దాకా ఎదురుచూడనక్కరలేదు. ఈశాన్య రుతుపవనాల వానలు వెనుకబట్టిన తరువాత, జనవరిలో తొలి నడక జరిగేలా జిల్లా పర్యాటక శాఖ, గ్రామ పంచాయతీ ఇప్పుడే కలిసి కూర్చోవాలి. మొదటి జట్టులో ఆ ఊరి బడిపిల్లలను ఉచితంగా తీసుకువెళ్లాలి.