కెమెరా ముందు పడితేనే పూర్తి జీతమా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో బఫెలో బిల్స్ జట్టు ఆటగాడు డామర్ హామ్లిన్ కోలుకున్నాడు, సంతోషం. 2023 జనవరి 2 రాత్రి సిన్సినాటిలో ప్రత్యర్థి ఆటగాడు టీ హిగ్గిన్స్‌ను టాకిల్ చేసి (అడ్డుకుని పడేసి) లేచి నిలబడ్డ ఆ 24 ఏళ్ల కుర్రాడు మరుక్షణం వెల్లకిలా పడిపోవడం అమెరికా అంతా టీవీలో చూసింది. ఆగిన గుండెకు మైదానంలోనే సీపీఆర్ చేసిన బఫెలో బిల్స్ సహాయ ట్రైనర్ డెనీ కెల్లింగ్టన్‌కు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మా కోపమంతా ఆ తర్వాత బయటపడ్డ కాంట్రాక్టు మీద. జనవరి 6న, అతను ఆస్పత్రి మంచం మీద ఉండగానే, జట్టు అతన్ని గాయపడినవారి జాబితాలో చేర్చింది. అందులో పేరు పడితే ఏడాదికి 8,25,000 డాలర్ల లెక్కన వచ్చే జీతం 4,55,000 లెక్కకు దిగిపోవాలి. లీగ్, జట్టు, ఆటగాళ్ల సంఘం మాట్లాడుకుని పూర్తి జీతం ఇస్తామన్నాయి. మంచిదే. కానీ ఇచ్చింది హామ్లిన్‌కు మాత్రమే. ఆ షరతు మిగతావాళ్ల కాంట్రాక్టుల్లో అలాగే ఉంది.

అతను ఇక్కడిదాకా ఎలా వచ్చాడో చూడండి. ఊరు పిట్స్‌బర్గ్ పక్కనున్న మకీస్ రాక్స్. సెంట్రల్ కేథలిక్ హైస్కూల్లో పేరు తెచ్చుకుంటే పెద్ద పెద్ద కాలేజీలు పిలిచాయి. చిన్న తమ్ముడికి దగ్గరగా ఉండాలని సొంత నగరంలోని పిట్ యూనివర్సిటీలోనే చేరాడు. అక్కడ ఆడినన్నాళ్లూ టికెట్ల డబ్బు, టీవీ డబ్బు ఆట నడిపేవాళ్లవి, స్కాలర్‌షిప్ అతనిది. కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చన్న వెసులుబాటు 2021 జులై 1న వచ్చింది. అతను డ్రాఫ్టయి, అంటే లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో ఎంపికై, అప్పటికి రెండు నెలలు. ఆ డ్రాఫ్టులో 259 మందిని తీసుకుంటే అతనిది 212వ పేరు. మొదటి రౌండు వాళ్లకు దొరికే జీతం గ్యారంటీ ఆరో రౌండు వాడికెక్కడిది? రెండో ఏడాది అదే స్థానంలో ఆడే మైకా హైడ్ మెడకు దెబ్బ తగిలి తప్పుకుంటే తప్ప అతనికి జట్టులో స్థిరమైన చోటు దొరకలేదు.

హామ్లిన్ ఆడే స్థానం సేఫ్టీ. అంటే తన జట్టులోని మిగతా పదిమందినీ దాటుకొచ్చినవాణ్ని ఆపాల్సిన చివరి మనిషి. అడ్డంగా శరీరాన్ని పెట్టడమే అతని ఉద్యోగం. ఆ శరీరానికి దెబ్బ తగిలితే జీతం సగానికి కోస్తామనడం ఏం న్యాయం? పింఛను హక్కు రావాలంటే మూడు సీజన్లు ఆడాలి. హామ్లిన్‌కు అప్పటికి అది రెండోది.

సంఘం ఒప్పుకుని సంతకం పెట్టిందిగా, సగం జీతమైనా లక్షల డాలర్లేగా అంటారు కొందరు. సగటున మూడేళ్లకు కాస్త పైన మాత్రమే సాగే కెరీర్‌లో ఆ లక్షలు ఎన్నాళ్లొస్తాయి?

మా భయం ఒక్కటే. టీవీలో దేశం చూస్తుండగా పడ్డవాడికి పూర్తి జీతం; ప్రాక్టీసులో, కెమెరా లేనిచోట మోకాలు విరిగినవాడికి సగం. ఇదే ఆనవాయితీ అయితే హక్కు పోయి దయ మిగులుతుంది. దయ చూపాలంటే ముందు ఎవరో ఒకరు చావు దాకా వెళ్లి రావాలి, అదీ దేశమంతా టీవీలో చూసే సోమవారం రాత్రి మ్యాచ్‌లో.

ఆ వారాంతంలో అన్ని మైదానాల్లోనూ 30 గజాల గీత దగ్గరి 3 అంకెకు హామ్లిన్ జెర్సీ నంబరని బిల్స్ రంగులు పూశారు. ఆటగాళ్లు, అభిమానులు మనసారా ప్రార్థించారు, వాళ్లను తప్పుపట్టం. 32 జట్ల యాజమాన్యాలనే అడుగుతున్నాం: ఆ రంగులకు చూపిన చొరవ కాంట్రాక్టులోని ఆ ఒక్క షరతు కొట్టేయడానికి ఎందుకు లేదు? ఆటగాళ్ల సంఘంతో ఇప్పటి ఒప్పందం 2030 సీజన్ దాకా ఉందన్న సాకు చెప్పొద్దు. హామ్లిన్ కోసం ఒక్క రోజులో కుదిరింది, పేరు తెలియని కుర్రాడి కోసం కుదరదంటే సిగ్గుపడాల్సింది మీరే.