శిలాఫలకం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ శిలాఫలకం గారికి నమస్కారాలు.

నల్ల గ్రానైట్ మీద బంగారు రంగు అక్షరాలతో తమరు క్షేమమని తలుస్తాను. మీకేం లెండి, మీ వెనక గదిలో యంత్రం పాడై మూలన పడ్డా మీ మెరుపు తగ్గదు.

రొమ్ము క్యాన్సర్ మీద దాతలకు జాలి కలిగినప్పుడల్లా అది చివరికి మీ రూపంలోనే తేలుతుంది. మామోగ్రామ్ యంత్రం కొంటే దాని పక్కన మీరు. కొత్త వార్డు కడితే గుమ్మం దగ్గర మీరు. యంత్రాలు వద్దని ఎవరన్నారు? గడ్డ ఎక్కడుందో అవి చూపిస్తాయి. దాన్ని సరిగ్గా తీసేదెవరన్నదే మీ మీద ఎక్కడా రాసి ఉండదు.

ఒక సర్జన్‌కు ఏడాదిపాటు ప్రత్యేక శిక్షణ ఇప్పిద్దామంటే కమిటీలో మొదటి ప్రశ్న, "మన పేరెక్కడ వేస్తారు?" నిజమే, సర్జన్ నుదుటికి మిమ్మల్ని బిగించలేం. చేతికి కడదామంటే గ్లౌజు అడ్డం.

ఆ చేతులు నేర్చుకునేది చిన్న విషయమేం కాదు. 1894లో అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ ప్రకటించిన ఆపరేషన్ పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ పోయేవి. తొలిదశలో గడ్డవరకే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షులో తేడా ఉండదని అమెరికాలో ఫిషర్, ఇటలీలో వెరొనేసి అనే సర్జన్ల బృందాలు ఇరవయ్యేళ్లు గమనించి 2002లో తేల్చాయి. చిక్కేమిటంటే, అంతా తీసేయడం కంటే కొంచెమే తీయడానికి ఎక్కువ చదువు కావాలి.

ఉదాహరణకు, తీసిన ముక్కకు పైవైపు పొట్టి దారం, బయటివైపు పొడుగు దారం కుట్టి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ దాని అంచులకు సిరా పూసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. క్యాన్సర్ కణం సిరాను తాకిందంటే చాలాసార్లు మళ్లీ ఆపరేషనే. దారాలు తారుమారయ్యాయా, ఏ వైపు కోయాలో ఇక ఎవరికీ తెలియదు.

చంకలో క్యాన్సర్ మొదట చేరే గ్రంథిని నీలిరంగు ఎక్కించి పట్టుకోవడం ఇంకో విద్య. అది శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. అది చేతకాని చోట అన్నీ ఊడ్చేస్తారు, తర్వాత కొందరికి చెయ్యి జీవితాంతం వాస్తూనే ఉంటుంది. (ఆ రంగు వల్ల మూత్రం ఆకుపచ్చగా వస్తే టెన్షన్ పడొద్దని ముందే చెప్పడమూ శిక్షణలో భాగమే.)

మీ తమ్ముడు ఫ్లెక్సీ గారిది మరో తీరు. రెండు రోజుల వర్క్‌షాప్, మెడలో ట్యాగులు, గ్రూప్ ఫొటో. అందరూ తెర మీద ఆపరేషన్ చూస్తారు, ఒక్కరూ కత్తి ముట్టుకోరు. నివేదికలో మాత్రం "శిక్షణ పొందినవారు: 200". ఏడాదంతా గురువు పక్కన నిలబడి చేతులతో నేర్చుకున్న సర్జన్ లెక్క "1". ఏ నివేదికకు నిధులు పొడిగిస్తారో మీకు వేరే చెప్పాలా? ఆ ఒక్కరూ తిరిగొస్తే హెర్నియాల డ్యూటీ వేస్తారు, అది వేరే కథ.

2022లో ప్రపంచంలో దాదాపు 23 లక్షల మంది మహిళలకు ఈ జబ్బు బయటపడింది. సుమారు 6,70,000 మంది చనిపోయారు. ఇన్ని పేర్లు పట్టే గ్రానైట్ దొరకదు కాబట్టి కాబోలు, మీరు దాతల పేర్లతో సరిపెట్టుకున్నారు.

అయినా మీ కడుపు కొట్టడం నా ఉద్దేశం కాదు. ఆపరేషన్ థియేటర్ బయట, సర్జన్లు చేతులు కడుక్కునే సింక్ పైన మీకు చోటు ఇప్పిస్తాను. ముసుగు తీసే వేడుక ఉండదు, దండలు కుదరవు, రోజూ సబ్బునీళ్లు చిందుతాయి. కానీ శిక్షణకొచ్చిన ప్రతి సర్జన్ నిమిషాల తరబడి మీ ఎదుటే నిలబడాలి, చదవడానికి అక్కడ ఇంకేమీ ఉండదు. మీ దాతలనడిగి చెప్పండి. మేకు ఖర్చు నాది.

ఇట్లు,
మీ ఆవిష్కరణల్లో చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు మండిన
ఒక శ్రేయోభిలాషి