తాగి నడిపితే లైసెన్స్ వదులుకోవాల్సిందే

శనివారం రాత్రి పదకొండు దాటాక హైదరాబాద్‌లో పెద్ద రోడ్డెక్కితే ఎక్కడో ఒకచోట బారికేడ్లు కనిపిస్తాయి. బండ్లు ఒక్కొక్కటిగా నెమ్మదిస్తాయి. కానిస్టేబుల్ బ్రీత్ అనలైజర్‌కు కొత్త స్ట్రా తొడిగి నోటి ముందు పెట్టి ‘గట్టిగా ఊదండి’ అంటాడు. చిన్న తెర మీద అంకె పడుతుంది. అది 30 దాటితే బండి పక్కకు వెళ్తుంది. దొరికినవాళ్లు ఫోన్లు తీసి తెలిసినవాళ్లకు కొడతారు. ఆ తర్వాత మొదట వచ్చే ప్రశ్న ‘ఫైన్ ఎంత సార్?’ అనే.

డబ్బు కడితే బయటపడొచ్చు అన్న నమ్మకం మనలో అంత లోతుగా పాతుకుపోయింది. చట్టం మాత్రం అలా రాసి లేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల వరకు, జరిమానా 15,000. ఈ జరిమానాలు 2019 సవరణకు ముందు 2,000, 3,000 ఉండేవి. పెంచినప్పుడు ఊరూవాడా గగ్గోలు పెట్టాయి. కానీ అదే చట్టంలో 20వ సెక్షన్ ఒకటుందని, అది జరిమానా కంటే గట్టిదని చెప్పినవాళ్లు తక్కువ.

తాగి నడిపిన నేరం రుజువైతే ఆ వ్యక్తిని కనీసం ఆరు నెలలపాటు లైసెన్సుకు అనర్హుణ్ని చేస్తూ కోర్టు ఉత్తర్వు ఇచ్చి తీరాలని 20వ సెక్షన్ చెబుతోంది. ఇవ్వవచ్చు అనలేదు, ఇవ్వాలి అంది. ఇది 1988 నుంచీ ఉన్న మాట. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రత కమిటీ 2015లో రాష్ట్రాలన్నిటికీ మరో ఆదేశం పంపింది. తాగి నడిపినవారి లైసెన్సును మూడు నెలలకు తగ్గకుండా సస్పెండ్ చేయాలంది. 2019 సవరణ ఇంకో దారి కూడా తెరిచింది. పోలీసులు లైసెన్స్ స్వాధీనం చేసుకుని రవాణా శాఖకు పంపాలి. అక్కడి అధికారి ఆ వ్యక్తి వాదన విని, మొదటి తప్పుకు మూడు నెలలు అనర్హత వేయవచ్చు, రెండోసారికి లైసెన్సునే రద్దు చేయవచ్చు.

ఇన్ని తలుపులున్నా చాలా కేసులు జరిమానా రసీదుతోనే ముగిసిపోతున్నాయి. భార్యనో తండ్రినో వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు వచ్చి తల వంచుకుని కూర్చున్నవాడు సాయంత్రానికి మళ్లీ హ్యాండిల్ పట్టుకుంటున్నాడు. కోర్టు నుంచి పోలీసులకు, పోలీసుల నుంచి ఆర్టీఏ ఆఫీసుకు కాగితం నడిచేసరికి వారాలు గడుస్తాయి. షోకాజ్ నోటీసు పాత చిరునామాకు వెళ్తుంది. అద్దె ఇళ్లు మారే నగరంలో అది తిరిగి రావడంలో వింతేముంది? ఈలోగా సంక్రాంతి వస్తుంది, ఉగాది వస్తుంది, అతను ఊరికి కారు నడుపుకుంటూ వెళ్లి వస్తాడు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో పరిమితి దాటి తాగి దొరికితే పోలీసు అక్కడికక్కడే లైసెన్స్ కార్డు తీసేసుకుని 30 రోజుల తాత్కాలిక కాగితం చేతిలో పెడతాడు. అభ్యంతరం ఉంటే పది రోజుల్లోగా విచారణ కోరాలి. కోర్టు కేసు దారి కోర్టు కేసుదే, లైసెన్స్ దారి లైసెన్సుదే. అక్కడున్న మన తెలుగు పిల్లలు పార్టీకి వెళ్తే ముందే క్యాబ్ మాట్లాడుకుంటారు. ఒక్క అరెస్టుతో వీసా కూడా రద్దు కావచ్చని వాళ్లకు తెలుసు. అదే పిల్లలు సెలవులకు ఇక్కడికి వచ్చి ధైర్యంగా స్టీరింగ్ పట్టుకుంటే తప్పు మన వ్యవస్థలో ఎక్కడుందో వెతుక్కోవాలి.

లైసెన్స్ ఆపితే పొట్ట కొట్టినట్టే కదా అనే వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయలేం. సొంత కారున్నవాడు ఆరు నెలలు డ్రైవర్‌ను పెట్టుకుంటాడు. ఆటో నడిపే మనిషికి ఆ ఆరు నెలలూ ఇంట్లో పొయ్యి వెలగదు, ఫైనాన్స్ వాయిదా ఆగదు. ఒకే శిక్ష ఇద్దరి మీద ఒకేలా పడదన్నది నిజం. అయినా మినహాయింపు ఇవ్వమని మేం అడగలేం. ఆటోలో ఆరుగురు బడిపిల్లలు కూర్చుంటారు, లారీ కింద పడేది పక్కనుంచి సైకిల్ మీద వెళ్లే కూలీ. బతుకుతెరువుగా నడిపేవాడి చేతిలో ఇతరుల ప్రాణాలు ఎక్కువగా ఉంటాయి. అతనికి చేయాల్సిన సాయం వేరే ఉంది. సస్పెన్షన్ ఏ తేదీన ముగుస్తుందో ముందే రాసిచ్చి, చట్టంలో ఉన్న రిఫ్రెషర్ శిక్షణను ఆ గడువులోనే పూర్తి చేయించి, గడువు తీరిన రోజునే కార్డు చేతికివ్వాలి. తాగుడు వదల్లేని స్థితిలో ఉంటే ప్రభుత్వాసుపత్రిలో చికిత్సకు పంపాలి. మద్యం మీద వచ్చే ఆదాయంతో ఖజానా నింపుకునే ప్రభుత్వాలకు ఆ బాధ్యత ఉంది.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ఏం జరిగిందో మరిచిపోలేం. బైక్ నడుపుతున్న యువకుడు డివైడర్‌ను ఢీకొని చనిపోయాడు. అతను మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకును హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బస్సు లోపాలు వేరే లెక్క, వాటికి వేరే విచారణ. కానీ రాత్రిపూట ఒక మనిషి మత్తులో బండెక్కడం అతని సొంత విషయం అని ఇంకా ఎవరైనా అంటే, ఆ 19 ఇళ్లకు వెళ్లి అనగలరా?

దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో మద్యం వాటా అధికారిక లెక్కల్లో చాలా తక్కువగా కనిపిస్తుంది. ప్రమాదం చేసినవాడికి వెంటనే రక్త పరీక్ష చేయకపోతే ఆ మరణం ‘అతివేగం’ ఖాతాలో పడుతుంది.

కొత్త చట్టమేదీ అక్కర్లేదు. 185 కింద తీర్పు ఇచ్చే ప్రతి కోర్టూ ఆ ఉత్తర్వులోనే అనర్హత కాలాన్ని రాయాలి. అదే రోజు అది లైసెన్సుల వివరాలుండే సారథి పోర్టల్‌లోకి ఎక్కాలి. బారికేడ్ దగ్గరున్న కానిస్టేబుల్ చేతి యంత్రంలో లైసెన్స్ నంబర్ కొట్టగానే ‘సస్పెండ్’ అని కనిపించాలి. కార్డు పోయిందని చెప్పినా, జిరాక్స్ చూపించినా దాటిపోయే వీలుండకూడదు. అనర్హత కాలంలో బండి నడిపితే 182వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు ఉందని తీర్పు చదివేటప్పుడే అతనికి తెలుగులో చెప్పాలి. రెండు రాష్ట్రాల రవాణా శాఖలు ఇంకో పని కూడా చేయాలి. ఎన్ని కేసుల్లో శిక్ష పడింది, ఎన్ని లైసెన్సులు నిజంగా ఆగాయి అన్న రెండు అంకెలను ప్రతి నెలా జిల్లాలవారీగా పక్కపక్కనే పెట్టి ప్రకటించాలి. డిసెంబర్ 31 రాత్రి ఎంతమందిని పట్టుకున్నామో మర్నాడు ఉదయమే చెప్పగలుగుతున్నారు. వారిలో ఎంతమంది లైసెన్సులు ఆగాయో సంక్రాంతికైనా చెప్పాలి.